ముప్పై రోజుల గంప

పడవ ఇంకా హార్బరు నోట్లోకి రాలేదు.
ట్యాబు టింగుమంది.

పదిహేడు రోజుల తర్వాత
యారాడ కొండ మీది లైట్‌హౌసు కనపడిందంటే
ఎల్లాజీ జేబులో ఫోనుకి టవరు దొరికినట్టే.
అతను లంగరు వెయ్యకముందే
తీసిన ఫోటోలు ఒక్కొక్కటీ
పెదజాలారిపేటలో, గోడకి ఆనించిన గుంటదాని ట్యాబులోకి
తడి కాళ్లతో దిగుతాయి.

ముందు ఒక కొమ్ముకోనెం, పక్కన నవ్వుతూ కొత్త కుర్రాడు.
తర్వాత ఏమీ లేని నీళ్లు.
మళ్లీ ఏమీ లేని నీళ్లు.
అవి ఎందుకు తీస్తాడో ఎప్పుడూ చెప్పలేదు,
నేనూ అడగలేదు.

ఐసు ఫ్యాక్టరీలో లెక్కలు రాసేదాన్ని,
ఈ ఏర్పాటంతా నాదే.
పెట్టిన రోజు ఎంత గొడవ!
"మబ్బులో దాస్తావా? మబ్బులోనా?
మబ్బు మొకం సూసి వల ఎత్తీసేవోణ్ని నాను.
దాన్ని నమ్మి సామాను అప్పజెప్పమంటావేటి?"

జవాబు లేకపోయింది నా దగ్గర.
హుద్‌హుద్ నాడు మామ ట్రంకు పెట్టె
ఇంటి రేకులతో పాటే పోయింది.
అందులో ఒక పుస్తకం.
ఎక్కడ రాయి, ఎక్కడ బురద,
ఏ నెల్లో ఎన్ని బారల లోతున ఏ చేప,
నలభై ఏళ్ల సముద్రం నీలం సిరాలో.
మామ ఏడవలేదు.
యారాడ కొండ భుజాన్నీ సింహాచలం కొండ నెత్తినీ
ఒక వేలి వెనక్కి తెచ్చి, కన్ను మూసి,
"సగం ఇక్కడుందిలే" అని కణత తట్టుకున్నాడు.

మరుసటేడు వేట ఆపిన రెండు నెలలూ
నేను అడగడం, ఆయన తలుచుకోవడం.
అరవై రెండు గురుతులు ఎక్కించాం.
అరవై మూడోది చెబుతూ
"అబ్బే, అది కాదు" అన్నాడు, అక్కడితో ఆగింది.
ఆయన పోయాక ఎల్లాజీ మబ్బుని తిట్టలేదు.
పాస్‌వర్డు ఏటని మాత్రం అడిగాడు.
ఇక్కడ రాయను గానీ, అది ఒక పాత తెప్ప పేరు.

ఇవాళ పదకొండో ఫోటో,
చెయ్యి.
ఎడమ చెయ్యి. చూపుడువేలికి లుంగీ పేలిక.
పేలిక మీద ఎరుపు, వెనక వించి తాడు.

పొయ్యి మీద అన్నం. మంట తగ్గించాను.
వేళ్లతో లాగి పెద్దది చేశాను.
ఇంకా లాగితే గళ్లు గళ్లుగా విడిపోయింది రక్తం.

చూస్తూండగానే మాయమైంది ఫోటో.
పదోదీ పన్నెండోదీ
ఏమీ జరగనట్టు దగ్గరికి జరిగాయి.

అక్కడ తుడిస్తే ఇక్కడా పోతుందని
నేర్పింది నేనే.
పోయింది ముప్పై రోజులు బుట్టలో ఉంటుందని నేర్పలేదు.
ఆ ఒక్కటీ నా దగ్గరుంచుకున్నాను.

బుట్ట తెరిచాను. వేలు ఉంది.
దాని కింద, పోయిన వేటవి,
ఇంకో నాలుగు రోజుల్లో రాలిపోయేవి.
డెక్కు మీద మోకాలి లోతు నీళ్లు.
పగిలిన కేబిను అద్దం.
చీకట్లో తీసుకున్న తన మొహం, కళ్లు తప్ప ఏమీ లేదు.

తీరం కనపడ్డాక, జెట్టీ చేరేలోపు
ఆ ముప్పావు గంటా ఒక్కడే కూర్చుని
సముద్రాన్ని కడుక్కుని వస్తాడన్నమాట ఇంటికి.

దూది, గుడ్డ, మందు కొనుక్కుని హార్బరుకి నడిచాను.
దిగాడు. ఎడమ చెయ్యి వెనకాల.
"బాగున్నావా?"
"బాగే. నాకేటి."
"చెయ్యి ఇలా తే."

నన్ను చూశాడు, నా సంచీని చూశాడు.
తల ఎత్తి చూశాడు.
ఒక్క మబ్బు తునక లేదు పైన.

కేజీహెచ్‌లో అయిదు కుట్లు వేశారు.
ఇంటికొచ్చేసరికి అన్నం అడుగంటింది, అదే తిన్నాం.
ఫోటోని బుట్టలోంచి పైకి తియ్యలేదు, అవతల పారెయ్యలేదు.
దాని కింద ఇరవై తొమ్మిది రోజులని రాసి ఉంది.
కుట్లు విప్పేది పదో రోజున.